కస్టమర్ల డేటాకు గడువు ఎలా పెట్టాలి, గడువు తీరాక అది దానంతటదే ఎలా పోవాలి

కస్టమర్ల డేటాను ఇన్ని నెలల తరువాత తొలగించమని చెప్పే సెట్టింగ్ ఇప్పుడు చాలా వ్యాపార సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అందులో 36 అనో 60 అనో అంకె వేసి సేవ్ చేయడానికి నిమిషం పట్టదు. అయితే ఆ నెలలను ఏ రోజు నుంచి లెక్కించాలో, ఏ డేటాకు ఆ లెక్క వర్తించకూడదో, తొలగించమన్నాక సాఫ్ట్‌వేర్ లోపల నిజంగా ఏం జరుగుతుందో తేల్చుకోకుండా అంకె వేస్తే రెండు నష్టాలూ కలిసి వస్తాయి. పన్ను అధికారులు అడిగితే చూపాల్సిన బిల్లు పోతుంది. ఎప్పుడో పోవలసిన ఫోను నంబరు మిగిలిపోతుంది. గడువు ఎంత ఉండాలన్న దాని మీద అందరూ చర్చిస్తారు గానీ, అది ఏ రోజున మొదలవ్వాలన్నది చాలాసార్లు ఎవరూ అడగరు. నేను చూసినంతలో తప్పులు ఎక్కువగా జరిగేది ఈ రెండో విషయంలోనే.

ఒక ఉదాహరణ పెట్టుకుని చూద్దాం. విజయవాడలో ఒక చీరల దుకాణం ఉందనుకోండి. అది కంపెనీ కాదు, ఒక్కరి యాజమాన్యంలో నడుస్తున్న వ్యాపారం. కౌంటరు మీదా అమ్ముతుంది, ఆన్‌లైన్ ఆర్డర్లూ తీసుకుంటుంది, బ్లౌజులు కుట్టించి ఇస్తుంది. 2025 ఆగస్టులో ఒకావిడ 62,000 రూపాయల పెళ్లి చీరలు కొని, బ్లౌజులకు కొలతలు ఇచ్చి, సరుకు హైదరాబాదుకు పంపమని చిరునామా రాయించి, పండుగ ఆఫర్ల మెసేజీలు పంపవచ్చని ఒప్పుకున్నారు. సాఫ్ట్‌వేర్ తెరమీద ఇదంతా ఒకే కస్టమరు పేజీగా కనిపిస్తుంది. గడువుల దృష్టితో చూస్తే మాత్రం ఇందులో కనీసం నాలుగు వేరువేరు డేటాలున్నాయి: బిల్లు, డెలివరీ చిరునామా, కొలతలు, మెసేజీలకు ఇచ్చిన సమ్మతి. ఇవి ఒక్కొక్కటి ఒక్కో పని కోసం తీసుకున్నవి, కాబట్టి ఒక్కో రోజున అవసరం తీరిపోయేవి.

ముందు పట్టిక, తరువాతే సెట్టింగ్

సెట్టింగ్ జోలికి వెళ్లకముందే ఒక పట్టిక రాసుకోవాలి. ఏ డేటా తీసుకుంటున్నాం, ఎందుకు తీసుకుంటున్నాం, అది ఎక్కడెక్కడ ఉంటుంది, ఏ చట్టం దాన్ని ఉంచమంటోంది, ఏ సంఘటనతో దాని అవసరం తీరుతుంది అన్న అయిదు ప్రశ్నలకు ప్రతి వరుసలోనూ జవాబు ఉండాలి. 'ఎందుకు' అన్న గడిలో ఏమీ రాయలేకపోతే ఆ డేటాకు గడువు వెతకనక్కర్లేదు. దాన్ని తీసుకోవడమే మానేయవచ్చు. బిల్లుకు ఫోను నంబరు చెప్పాల్సిందేనని కస్టమర్లను పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే దుకాణాలకు సూచించింది. జీఎస్టీ నమోదు లేని మామూలు కొనుగోలుదారుకు దుకాణంలో అమ్మిన సరుకు విలువ 50,000 రూపాయలకు లోపు ఉంటే, వారు కోరితే తప్ప బిల్లు మీద పేరు, చిరునామా వేయడం తప్పనిసరి కాదు. మన ఉదాహరణలో బిల్లు 62,000 కనుక పేరూ చిరునామా తప్పవు. అదే కౌంటరులో 900 రూపాయల చీర కొన్నవారి పూర్తి వివరాలు ఏళ్ల తరబడి దాచడానికి మాత్రం పన్ను చట్టాన్ని కారణంగా చూపలేం.

కార్డు వివరాల సంగతి మరీ సులువు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు కస్టమరు కార్డు నంబరును తమ దగ్గర ఉంచుకోకూడదు. లెక్కలు సరిచూసుకోవడానికి చివరి నాలుగు అంకెలు, కార్డు జారీచేసిన సంస్థ పేరు ఉంచుకోవచ్చు. కాబట్టి పట్టికలో కార్డు నంబరు అన్న వరుసే ఉండకూడదు.

ఉంచమనే చట్టాలు, ఉంచవద్దనే చట్టం

కేంద్ర జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం ఖాతాలను, రికార్డులను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు నిండేదాకా ఉంచాలి. అంటే బిల్లు తేదీ నుంచి ఆరేళ్లు అని లెక్క వేయడం తప్పు. 2025 ఆగస్టు బిల్లు 2025-26 ఆర్థిక సంవత్సరానికి చెందుతుంది. ఆ ఏడాది వార్షిక రిటర్నుకు మామూలు గడువు 2026 డిసెంబరు 31. అక్కడి నుంచి 72 నెలలంటే 2032 డిసెంబరు 31. సెట్టింగులో 72 నెలలు అని వేసి, లెక్కను బిల్లు తేదీ నుంచి మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఆ బిల్లును 2031 ఆగస్టులోనే, అంటే దాదాపు ఏడాదిన్నర ముందే తుడిచేస్తుంది. ఆ బిల్లుకు సంబంధించి అప్పీలో, విచారణో నడుస్తుంటే అది తుదిగా తేలిన తరువాత ఏడాది వరకు, లేదా పై గడువు వరకు, ఏది తరువాత వస్తే అంతవరకు ఉంచాలి.

వ్యాపారం కంపెనీగా నమోదై ఉంటే 2013 కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం ఖాతా పుస్తకాలను, వాటికి ఆధారమైన వోచర్లతో సహా, గడిచిన 8 ఆర్థిక సంవత్సరాలకు ఉంచాలి. మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి వచ్చే బ్యాంకుల వంటి సంస్థలు ఖాతాదారు గుర్తింపు పత్రాలను, సంబంధం ముగిసిన లేదా ఖాతా మూసిన తరువాత 5 ఏళ్లు ఉంచాలి. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను, అంటే వాటిలో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే చిట్టాలను, 180 రోజుల పాటు ఉంచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. వీటిలో మీకు ఏవి వర్తిస్తాయన్నది మీ ఆడిటరుతో కూర్చుని ఒకసారి తేల్చుకుని, పట్టికలో రాసి, తేదీ వేయించుకోండి.

వీటికి ఎదురుగా నిలిచేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం. సమ్మతి వెనక్కి తీసుకున్నా, ఏ పనికోసం డేటా తీసుకున్నామో ఆ పని ఇక లేదని సహేతుకంగా అనుకోగలిగినా, మరో చట్టం ఉంచమంటే తప్ప ఆ డేటాను చెరిపేయాలని ఆ చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. దీని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి; వ్యాపారాల మీద పడే ప్రధాన బాధ్యతలు 18 నెలల తరువాత, అంటే 2027 మేలో అమలులోకి వస్తాయి. 2 కోట్లకు తగ్గకుండా నమోదిత వాడుకరులున్న ఈ-కామర్స్, సోషల్ మీడియా సంస్థలకూ, 50 లక్షలకు తగ్గకుండా ఉన్న ఆన్‌లైన్ గేమింగ్ సంస్థలకూ ఆ నిబంధనలు మూడేళ్ల గడువు పెట్టాయి; చెరిపే ముందు కనీసం 48 గంటల నోటీసు ఇవ్వాలన్నాయి. చీరల దుకాణం ఆ కోవలోకి రాదు. అయినా ఆ మూడేళ్లను ఎలా లెక్కించమన్నారో గమనించండి: కస్టమరు తన పని కోసమో, తన హక్కు కోసమో సంస్థను చివరిసారి ఆశ్రయించిన రోజు నుంచి. దుకాణం వారికి మెసేజీ పంపిన రోజు నుంచి కాదు.

ఆ నిబంధనల్లోనే సాఫ్ట్‌వేర్ రాసేవారు తప్పక చదవాల్సిన మరో అంశం ఉంది. వ్యక్తిగత డేటాను, దాన్ని వాడిన తీరును చూపే లాగ్‌లను, ప్రభుత్వానికి సమాచారం అందించడం వంటి 7వ షెడ్యూలు ప్రయోజనాల నిమిత్తం, ఆ వాడకం జరిగిన తేదీ నుంచి కనీసం ఏడాది ఉంచాలని 8వ నిబంధన అంటుంది. కాబట్టి కస్టమరు సమ్మతి వెనక్కి తీసుకున్న నిమిషంలో డేటాను వాడటం ఆపాలి, కానీ చెరపడం మరో రోజున జరగవచ్చు. దీని అర్థం సాఫ్ట్‌వేర్‌లో డేటాకు 'ఉంది', 'లేదు' అన్న రెండు స్థితులు సరిపోవు. వాడుకలో ఉన్నది, తాళం వేసినది, చెరిగిపోయినది అని మూడు కావాలి. తాళం వేసిన డేటా కౌంటరు సిబ్బందికి కనిపించకూడదు, మెసేజీల జాబితాలోకి రాకూడదు, నివేదికల్లో పేరుతో సహా కనిపించకూడదు. ఏడాది కంటే తక్కువ గడువు పెట్టాలనుకున్న ప్రతి చోటా ఈ నిబంధనను ముందు దృష్టిలో పెట్టుకోండి.

హైదరాబాదు నుంచి ఐరోపా కస్టమర్ల కోసం సాఫ్ట్‌వేర్ నడిపే సంస్థలకు 2018 మే 25 నుంచి అమలులో ఉన్న ఐరోపా సమాఖ్య డేటా సంరక్షణ చట్టం జీడీపీఆర్ కూడా వర్తించవచ్చు. అందులో 17వ ఆర్టికల్ కింద తమ డేటా చెరపమని ఎవరైనా అడిగితే సాధారణంగా నెలలోగా ఏం చేశామో వారికి జవాబు చెప్పాలి. ఒక్కరి డేటాను వెతికి చెరిపే దారి, మూకుమ్మడి గడువులతో సంబంధం లేకుండా, వేరుగా ఉండి తీరాలి.

గడియారం ఏ రోజున మొదలవుతుంది

గడువు నియమాన్ని ఎప్పుడూ ఒక సంఘటనతో కలిపి రాయండి. 'కొలతలు: 18 నెలలు' అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'కొలతలు: చివరి బ్లౌజు అప్పగించిన రోజు నుంచి 18 నెలలు' అని రాస్తే ప్రోగ్రామరుకూ ఆడిటరుకూ ఒకే అర్థం వస్తుంది. సంస్థల డేటా నిల్వ, తొలగింపులను చూసే మైక్రోసాఫ్ట్ పర్వ్యూలో నిల్వ లేబుల్ (ఫైలుకు గడువు తగిలించే గుర్తు) తయారుచేసేటప్పుడు లెక్క ఎక్కడ మొదలవ్వాలో అది స్పష్టంగా అడుగుతుంది: ఫైలు తయారైన రోజా, చివరిసారి మార్చిన రోజా, లేబుల్ వేసిన రోజా, లేక ఒప్పందం ముగియడం వంటి ఒక సంఘటనా అని. మీ సాఫ్ట్‌వేర్ ఇలా అడగకపోతే, అది మీ తరఫున ఏదో ఒకటి ఎంచుకుందని అర్థం. అది ఏమిటో సంస్థ సహాయ పత్రాల్లో చూసి, లేదా వారిని అడిగి, రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

'చివరిసారి మార్చిన తేదీ' మీద గడువు పెట్టడం అన్నిటికంటే ప్రమాదం. కస్టమర్ల పట్టికలో కొత్తగా ఒక గడి చేర్చి అందరికీ ఒకేసారి విలువ నింపారనుకోండి. ఆ రాత్రితో ప్రతి కస్టమరు తేదీ కొత్తదైపోతుంది, పదేళ్ల కిందటి ఫోను నంబర్లన్నీ మళ్లీ మొదటి రోజు దగ్గర నిలుస్తాయి. తొలగింపు రన్, అంటే గడువు తీరినవాటిని వెతికి చెరిపే పని, రోజూ క్రమం తప్పకుండా నడుస్తూనే ఉంటుంది, దానికి చెరపాల్సింది మాత్రం ఏదీ దొరకదు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే రికార్డు తయారైన తేదీ స్థానంలో డేటా ఎక్కించిన తేదీ వచ్చి కూర్చుంటుంది. అందుకే గడువు కోసం ప్రత్యేకంగా ఒక తేదీ గడి పెట్టి, కస్టమరు స్వయంగా చేసిన పని మాత్రమే దాన్ని మార్చేలా చూడాలి. వారు కొనడం, సరుకు మార్చుకోవడం, ఫిర్యాదు చేయడం లెక్కలోకి వస్తాయి. మనం ధర సవరించడం, పేరులో అక్షరదోషం దిద్దడం, ఆఫర్ మెసేజీ పంపడం రావు.

వెబ్‌సైటు చూసేవారి లెక్కలు తీసే గూగుల్ అనలిటిక్స్ 4లో వాడుకరి డేటాకు మామూలు ఖాతాల్లో 2 లేదా 14 నెలల గడువు ఎంచుకోవచ్చు. కొత్తగా వచ్చిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవ్వాలా అన్న స్విచ్ పక్కనే ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే నెలకోసారి వెబ్‌సైటు చూసేవారి వివరాలకు గడువు ఎన్నటికీ తీరదు. 14 నెలలు అని పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండేవారు ఆ స్విచ్ ఏ వైపు ఉందో ఇప్పుడే చూసుకోవాలి.

ఖాళీ తేదీల సంగతి కూడా ముందే తేల్చాలి. మోంగోడీబీ అనే డేటాబేసులో గడువు ఇండెక్స్ (గడువు తీరిన రికార్డులను చెరిపించే ఏర్పాటు) పెట్టినప్పుడు తేదీ గడి లేని రికార్డుకూ, ఆ గడిలో తేదీ కాని విలువ ఉన్న రికార్డుకూ గడువు అసలు తీరదు. అమెజాన్ వారి డైనమోడీబీ డేటాబేసులో ఆ గడిలో తేదీ సెకన్ల లెక్కలో ఉండాలి. పొరపాటున మిల్లీసెకన్లు వేస్తే గడువు వేల ఏళ్ల ముందుకు పోతుంది. తేదీ 5 ఏళ్ల కంటే పాతదైతే కూడా అది ఆ రికార్డును ముట్టుకోదు. రెండు చోట్లా ఎక్కడా ఎర్ర అక్షరాల హెచ్చరిక రాదు. గడువు తేదీ లేని కస్టమర్లు ఎంతమంది ఉన్నారో లెక్కించే ప్రశ్నను డేటాబేసుకు వేయడం మొదటి రోజే చేయాల్సిన పని.

సమయ మండలం చిన్న విషయంలా కనిపిస్తుంది. సర్వర్లు చాలావరకు యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. మన సమయం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. మన లెక్కన 2033 జనవరి 1 తెల్లవారుజామున 2 గంటలకు సర్వరులో ఇంకా 2032 డిసెంబరు 31 రాత్రి 8:30 అవుతుంది. తేదీల మీద ఆధారపడే నియమానికి చివర ఒకటి రెండు రోజులు కలిపి పెట్టుకుంటే ఈ చిక్కు ఉండదు.

తొలగించు అన్నాక

తొలగింపు ఒక్క దెబ్బతో జరిగే పని కాదు. మొదట రికార్డు మీద తొలగించినట్టు గుర్తు పడుతుంది, తెరమీద కనిపించదు, డేటాబేసులో మాత్రం ఉంటుంది. తరువాత కొన్నాళ్లు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది: కస్టమర్ల నిర్వహణ సాఫ్ట్‌వేర్ సేల్స్‌ఫోర్స్‌లో 15 రోజులు, గూగుల్ డ్రైవ్‌లో 30 రోజులు, మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్‌లో 93 రోజులు. ఆ తరువాతే అసలు తొలగింపు. బిన్‌లో ఉండే కాలాన్ని కూడా గడువులో భాగంగానే లెక్క వేయాలి. మూడేళ్లకు చెరుపుతామని కస్టమర్లకు చెప్పి ఉంటే, గుర్తు వేసే పని అంతకు ముందే మొదలవ్వాలి.

ఫైళ్లను అమెజాన్ ఆన్‌లైన్ నిల్వ సేవ ఎస్‌3లో దాచేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పాత వెర్షన్లను దాచే వసతి ఆన్‌లో ఉన్న చోట, గడువు నియమం ఫైలు మీద తొలగింపు గుర్తు మాత్రమే పెడుతుంది; అసలు ఫైలు పాత వెర్షన్‌గా అలాగే ఉంటుంది. పాత వెర్షన్లు ఎన్ని రోజులకు పోవాలో చెప్పే రెండో నియమం వేరుగా రాయాలి. కస్టమర్ల గుర్తింపు కార్డుల స్కాన్లు దాచే చోట ఈ రెండో నియమం లేకపోతే, మొదటి నియమం వల్ల నిల్వకు కట్టే ఖర్చూ తగ్గదు, బాధ్యతా తీరదు.

మన ఉదాహరణలో మొత్తం కస్టమరు రికార్డును చెరపకూడదు, ఎందుకంటే బిల్లుకు 2032 చివరిదాకా ఆయుష్షు ఉంది. కొలతలు, మెసేజీల సమ్మతి వంటి గడులు వాటి గడువు తీరగానే ఖాళీ కావాలి. బిల్లులోని పేరు, చిరునామా బిల్లుతో పాటే ఉండాలి, బిల్లు వెతికేవారికి మాత్రమే కనిపించాలి. కస్టమరు పేజీ నుంచి బిల్లుకున్న లంకెను తెంపి, బిల్లు తన వివరాలను తనలోనే దాచుకునేలా డేటాబేసును మొదటి నుంచి తీర్చితే ఇది తేలిక. కస్టమరును తొలగిస్తే బిల్లులు కూడా వాటంతటవే పోయేలా రాసిన లంకె ఎక్కడైనా ఉందేమో ప్రోగ్రామరుతో వెతికించండి; ఉంటే తీయించండి.

మెసేజీలు వద్దన్నవారి జాబితా ఒక ప్రత్యేక సందర్భం. వారి నంబరును పూర్తిగా చెరిపేస్తే, రేపు ఎక్కడి నుంచో వచ్చిన పాత జాబితాలో అదే నంబరు మళ్లీ ఎక్కి, వారికి మళ్లీ మెసేజీ వెళుతుంది. కాబట్టి నంబరుకు బదులు రహస్య కీతో తయారుచేసిన హ్యాష్‌ను, అంటే నంబరును తిరిగి రాబట్టలేని కోడ్‌ను, ఉంచాలి. కీ లేని మామూలు హ్యాష్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే పది అంకెల నంబర్లన్నిటినీ ప్రయత్నించి చూడటం నేటి కంప్యూటరుకు పెద్ద పని కాదు.

బ్యాకప్‌లోంచి ఒక్కొక్కరి రికార్డు ఏరి తీయడం చాలాచోట్ల సాధ్యం కాదు. బ్యాకప్ ఎన్ని రోజులకు తిరిగి రాయబడుతుందో నిర్ణయించి, ఆ రోజులను గడువులో కలపడం ఆచరణలో కుదిరే పద్ధతి. దానితో పాటు, ఏ అంతర్గత నంబరు (సాఫ్ట్‌వేర్ తన కోసం ఇచ్చుకునే సంఖ్య) గల రికార్డును ఏ రోజున ఏ నియమం కింద చెరిపామో చెప్పే జాబితాను బ్యాకప్‌కు బయట ఉంచాలి. సర్వరు చెడిపోయి పాత బ్యాకప్ ఎక్కించాల్సి వస్తే, దుకాణం తెరిచే ముందు ఆ జాబితాను మళ్లీ నడపాలి. లేకుంటే చెరిపేశామని కస్టమరుకు చెప్పిన డేటా మర్నాడు మళ్లీ తెరమీదికి వస్తుంది. ఆ జాబితాలో పేర్లు, ఫోను నంబర్లు రాయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

నిలుపుదల, మొదటి రన్

వివాదం, పన్ను నోటీసు, వినియోగదారుల కమిషన్‌లో కేసు వంటివి వచ్చినప్పుడు గడువును పక్కనపెట్టి ఆ డేటాను అలాగే ఆపే మీట ఉండాలి. సంస్థల మెయిళ్లు, ఫైళ్ల నిల్వను చూసే గూగుల్ వాల్ట్‌లో దీన్ని హోల్డ్ అంటారు. అది ఉన్నంతకాలం నిల్వ గడువు నియమాలు ఆ డేటాను తొలగించలేవు. పర్వ్యూలోనూ నిల్వకూ తొలగింపుకూ పోటీ వస్తే నిల్వదే పైచేయి, రెండు నిల్వ గడువులు ఎదురైతే పొడవైనదే చెల్లుతుంది. నిలుపుదల పెట్టిన ప్రతిసారీ ఎవరు, ఎందుకు పెట్టారో, దాన్ని మళ్లీ ఏ రోజున పరిశీలించాలో రాయించండి. చివరి తేదీ లేని నిలుపుదలలు పోగుపడిన చోట గడువులన్నీ పేరుకే మిగులుతాయి.

మొదటిసారి నియమం ఆన్ చేసే ముందు, ఏమీ చెరపకుండా ఏవేవి చెరుపుతుందో చూపే ఉత్తుత్తి రన్ నడపాలి. వచ్చిన జాబితాలోంచి కొన్ని పేర్లు తీసి, కౌంటరులో ఎక్కువకాలంగా పనిచేస్తున్న వారికి చూపించండి. ఫలానావారు పోయిన నెలే వచ్చారు కదా అని వారంటే, తేదీ గడిలో తప్పుందని తెలిసిపోతుంది. నియమం సరే అనుకున్నాక కూడా ఏళ్ల నాటి డేటాను ఒకే రాత్రి చెరపకుండా, రోజుకు కొన్ని వేల రికార్డుల చొప్పున పాతవాటి నుంచి మొదలుపెట్టాలి. ఒక రోజు జాబితా అంతకుముందు రోజులకంటే అమాంతం పెరిగితే రన్ దానంతటదే ఆగిపోయి యజమానికి తెలియజేయాలి. సెట్టింగులో గడువును తగ్గించినప్పుడు ఆ మార్పు చాలా సాఫ్ట్‌వేర్లలో పాత డేటా మొత్తానికీ వర్తిస్తుంది కనుక, గడువు మార్చే అధికారం ఇద్దరి ఆమోదం లేకుండా ఎవరి చేతిలోనూ ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

సాఫ్ట్‌వేర్ చెరపలేనివి కొన్ని ఉంటాయి: ఎక్సెల్‌లోకి దించుకున్న జాబితాలు, టైలరుకు వాట్సాప్‌లో పంపిన కొలతలు, మెసేజీలు పంపే సంస్థ దగ్గరున్న నంబర్లు, కొరియరు వారికి ఇచ్చిన చిరునామాలు. బయటి సంస్థలతో ఒప్పందంలోనే వారి గడువు రాయించాలి. సిబ్బంది ఎక్సెల్‌లోకి దించుకునే అనుమతిని వీలైనంత మందికి తీసేయాలి. ఇదంతా పనిచేస్తోందా అన్నది చూడటానికి, నెలకొకసారి చెరిపిన జాబితాలోంచి ఒక అంతర్గత నంబరు తీసుకుని, దాన్ని కస్టమర్ల వివరాలుండే సాఫ్ట్‌వేర్‌లో (సీఆర్‌ఎం), బిల్లింగులో, ఫైళ్ల నిల్వలో, ఆ నంబరుతోనే డేటా అందుకున్న బయటి సంస్థల దగ్గర వెతికించండి. బిల్లింగులో బిల్లు ఒక్కటే దొరికి, మిగతా చోట్ల ఏమీ దొరకకపోతే నియమం సరిగా నడుస్తున్నట్టు. మరెక్కడైనా ఏదైనా దొరికితే, దాన్ని చెరిపి ఊరుకోకుండా, ఆ చోటు మొదటి రోజు రాసుకున్న పట్టికలో ఉందో లేదో చూసి, లేకపోతే కొత్త వరుస చేర్చండి.